అగ్గిపుల్లతో అద్దిన రంగు

కొత్త కారు కొన్నాడు మా మనవడు. షోరూం నుంచి అది గుడికి పోలేదు, ఇంటికీ రాలేదు. తిన్నగా ఇంకో దుకాణానికి పోయి, ఒంటినిండా ప్లాస్టిక్ పొర అతికించుకుని గానీ మా గుమ్మం ముందుకి రాలేదు. ఖర్చెంతరా అంటే లక్ష దాటిందట. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చినప్పుడు దాని ధర రూ.50 వేల దరిదాపు. అంటే రెండు కార్ల డబ్బు పోసి ఒక కారుకి చొక్కా తొడిగించాడన్నమాట. ఎందుకురా అని అడిగితే, "సెలవులకి బెజవాడ పోదామన్నావుగా తాతా, హైవే మీద రాళ్లు తగిలితే పెయింట్ పోదూ?" అంటాడు. నింద కూడా నా నెత్తినే!

హైవేదాకా ఎందుకు, ముందు మా చెన్నైలోని ఈ చింతాద్రిపేట దాటాలిగా. 1734లో కూవం నది ఒడ్డున నేతగాళ్ల కోసం వేసిన పేట ఇది. మగ్గాలకి ఇళ్లు, మనుషులకి వీధులు అనుకున్నారు గానీ, కార్లు వస్తాయని ఈస్టిండియా కంపెనీ దొరలు కలగన్నారా? సైకిల్ హ్యాండిల్ గీయని కారు మా వీధిలో నేను చూడలేదు. ఆపైన చేపల మార్కెట్ కాకులు. ఇక్కడి కాకికి తిండికి లోటు లేదు, కాబట్టి రెట్టకీ లోటు లేదు. ఆ రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి రంగు కాగి కాస్త మెత్తబడుతుంది, సాయంత్రానికి చల్లారి బిగుసుకుంటుంది. ఎండిన రెట్టని పట్టుకుని బిగుసుకుందా, ఇక ఎంత కడిగినా ఆ మచ్చ మచ్చే. మేమైతే పడగానే చెంబుడు నీళ్లు పోసి, నాననిచ్చి, తడిగుడ్డతో ఎత్తేసేవాళ్లం. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీసి కోటింగ్ వేసినవాడికి పంపుతున్నారు. వాడు జవాబిచ్చేలోపు కాకి ఇంకో రౌండు వేస్తుంది.

మాది ఫియట్. బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుక్కూర్చుని తెచ్చుకున్న బండి. అప్పటి రంగు గొప్పదని నేననను. నైట్రోసెల్యులోజ్ పెయింట్ అది. 1920లలో అమెరికాలో డూపాంట్ కంపెనీ డూకో పేరుతో తెచ్చింది. అంతకుముందు కారుకి వేసే వార్నిషు రంగులు పూర్తిగా ఆరడానికి వారాలు పట్టేవట, ఇది గంటల్లో ఆరిపోయేది. మన షెడ్లలో డబ్బా మీద ఏ పేరున్నా దాన్ని డూకో అనేవాళ్లం. ఆరడమంటే అందులోని థిన్నర్ ఎగిరిపోవడమే. ఎండకి తొందరగా వెలిసిపోయేది. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దితే గుడ్డకి రంగంటేది, బండి మెరిసేది. మెరుపొచ్చిందని మురిసేవాళ్లం గానీ పోతున్నది రంగే. దాని మీద మైనం పాలిష్.

కానీ ఆ రంగుకి ఒక సుగుణం ఉంది. దెబ్బ తగిలితే బాగుచేసుకోవడం మన చేతిలో ఉండేది. కూవం దాటితే పుదుప్పేట, పాత కార్లు విప్పి ముక్కలుగా అమ్మే చోటు. అక్కడ రంగులు కలిపే మనిషొకడు ఉండేవాడు. కోడ్ లేదు, కంప్యూటర్ లేదు. బండిని గుమ్మం ముందు నిలబెట్టమనేవాడు. తెలుపులో చుక్క నలుపు, చుక్క పసుపు వేసి, పుల్లతో తిప్పి, డబ్బా మూత మీద ఒక చార గీసి, అది ఆరేదాకా బీడీ కాల్చుకునేవాడు. థిన్నర్ డబ్బాల పక్కన బీడీ! ఆ వీధిని దేవుడే కాపాడాడు. తడి మీద ఒక ఛాయ, ఆరాక ఇంకో ఛాయ, కాబట్టి ఆరాకే చూడాలి. మూతని ఎండలో డోరుకి ఆనించి, కళ్లు చికిలించి, ఇంకో అర చుక్క వేసేవాడు. ఆ రంగు ఖాళీ సిరాబుడ్డిలో మా ఇంటికొచ్చేది. రాయి తగిలి పెచ్చు లేచినచోట, ఆవగింజంత మేర, అగ్గిపుల్ల మొదలు ముంచి అద్దేవాళ్లం. ఒక్కసారే నింపకూడదు. ఆరాక మళ్లీ, అది ఆరాక మళ్లీ, చుట్టూ ఉన్న రంగు ఎత్తుకి వచ్చేదాకా. చివర్న వాటర్ పేపర్ తడిపి మెల్లగా రుద్దడం. రేకు గాలికి బయటపడితే తుప్పు పడుతుంది, మా భయమల్లా అదొక్కటే. అందం సంగతి పెళ్లివారింటికి పోయేటప్పుడు చూసుకునేవాళ్లం.

ఇప్పటి మెటాలిక్ రంగుకి ఈ వైద్యం పారదు, అదీ నిజమే. అడుగున అల్యూమినియం పొడి కలిపిన రంగు, మీద నీళ్లలాంటి క్లియర్ కోటు. ఆ కోటు మందం 40, 50 మైక్రాన్లు, మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. ఒక్క పెచ్చు నీటుగా కనబడకుండా చెయ్యాలంటే బానెట్ మొత్తం మళ్లీ కొట్టాలంటారు. కుర్రాళ్ల బెంగ అర్థం కాకపోలేదు.

మా రోజుల్లో బెజవాడ పోయే ముందురోజు ఇంట్లో చేసే పని ఇంతే. బండి కడగడం, ముక్కుకి మైనం దట్టంగా పట్టించి తుడవకుండా వదిలేయడం, చక్రాల వెనక రబ్బరు ఫ్లాపులు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడడం, డిక్కీలో కిరసనాయిలు సీసా ఒకటి పెట్టుకోవడం. అప్పట్లో ఆ దారి ఎన్‌హెచ్ 5, ఇప్పుడు 16 అంటున్నారు. రెడ్‌హిల్స్ దాటాక గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు. లారీ ఎదురొస్తే రోడ్డు దిగి కంకర మీద నడపాల్సిందే. నెల్లూరు వరిచేల దగ్గర పొద్దుగూకితే పురుగులు అద్దాన్నీ బానెట్‌నీ కప్పేసేవి. అవి తెల్లారి ఎండకి కాగితే రంగుని తింటాయి. అందుకే రాత్రి దిగిన చోటే తడి గోనెపట్టా పరిచి నాననిచ్చి తుడిచేవాళ్లం. తారు చుక్కలకి కిరసనాయిలు గుడ్డ, వెంటనే సబ్బు నీళ్లు. పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే మా నాన్నగారు గుడ్డ లాక్కుని విసిరేసేవారు. ఇప్పుడు పెట్రోల్ బంకులో కుర్రాడు మసిగుడ్డ తీసుకుని బరబరా రుద్దుతుంటే, లక్ష పోసిన మా వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

పోనీ నడపడమైనా తెలుసా? మా ఫియట్ 60 మీద పోతే గొప్ప, వీడు 100కి తగ్గడు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు, హైస్కూల్లో చెప్పిన లెక్కే. 60 కాస్తా 100 అయితే దాదాపు మూడింతలు. రోడ్డు నున్నబడింది గానీ రాయి అదే రాయి. టార్పాలిన్ కప్పని కంకర లారీ తోకపట్టుకుని పోతూ, ప్లాస్టిక్ పొర ఉందిలే తాతా అంటే ఏం చెప్పను?

ఆ పొర మీద సిరామిక్ కూడా పూయించాడు. 9హెచ్ గట్టిదనమట. 9హెచ్ అంటే వజ్రమా అని వాకబు చేశాను. కాదు, పెన్సిలు! డ్రాయింగ్ పెన్సిళ్లలో గట్టి ములుకు పెట్టి గీసినా గీత పడదని. హైవే మీద మనల్ని పెన్సిళ్లతో కొట్టేదెవరు? నీళ్లు జారతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, అంతవరకే దాని పని. రాయిని ఆపదు.

ప్లాస్టిక్ పొర మాత్రం ఆపుతుంది, కాదనను. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కల అంచులు ఇసుకకి అరిగిపోకుండా వేసినదట మొదట. 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయూరెథేన్, రాయి తగిలితే సాగి దెబ్బని పీల్చుకుంటుంది. సన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే పూడుకుంటాయి కూడా. బంపర్‌కి, బానెట్ ముందంచుకి, పక్క అద్దాలకి, చక్రాల వెనక రేకులకి వేయించు, సరే. డిక్కీ తలుపుకీ పైకప్పుకీ దేనికి? బెజవాడదాకా రివర్సులో పోతాడా?

ఇక ఆ బంపరొకటి. మా ఫియట్‌కి ముందూ వెనకా ఉక్కు బంపర్లు, మీద క్రోమియం. మౌంట్‌రోడ్డులో రిక్షా తగిలినా దిగి తుడుచుకుని పోయేవాళ్లం. ఇప్పుడు దెబ్బ కాయాల్సినదానికే కారు రంగు వేశారు, ఆ రంగుకి పొర, ఆ పొరకి సిరామిక్. మొన్న మా వీధి మలుపులో బండి తిప్పుతూ, "తాతా, కాస్త దిగి చూడు, బంపర్ గోడకి తగులుతుందేమో" అని నన్ను దింపాడు మనవడు. బంపర్‌కి కాపలాగా డెబ్బై దాటిన ముసలాణ్ణి ఎండలో నిలబెట్టి, "ఇంకా వస్తుందా? ఇంకా వస్తుందా?" అని లోపల ఏసీలోంచి కేకలు.