కుక్కతో కొండకు: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం: తెచ్చుకొన్న కుక్కతో, పగ్గము విడువక, మెల్లమెల్లగ, నీరు మోసి, ఎండ ముదరకమున్నె కొండకు పోవలెను.

తాత్పర్యం: వీధిలోంచో ఆశ్రయంలోంచో తెచ్చి పెంచుకుంటున్న కుక్కను రోజుల తరబడి సాగే కొండనడకకు తీసుకుపోదలచినవారు దాన్ని కొన్ని నెలల ముందునుంచే అందుకు తయారుచేయాలి.

టీక: "తెచ్చుకొన్న" అన్నది సాభిప్రాయ విశేషణం, కనుక పరికరాలంకారం. కొనుక్కున్న కుక్కకు పుట్టినరోజు కాగితం మీద ఉంటుంది. తెచ్చుకొన్న కుక్క వయసు, పళ్ళు చూసి పశువైద్యుడు చెప్పే అంచనా మాత్రమే. ఏడాది నిండని కుక్కకు ఎముకల చివర ఎదుగుదల పూర్తికాదు, పెద్ద జాతులకు ఏడాదిన్నర పడుతుంది. అంతవరకు దూరాలూ బరువులూ పనికిరావు. ఈ టీక కన్నా ముందు పడవలసినవి రేబిస్, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ టీకాలు. రక్తపరీక్ష కూడా అవసరం. పిడుదుల వల్ల (వీటినే గోమార్లంటారు) వచ్చే ఎర్లికియా జ్వరం, పైకి హుషారుగా తిరిగే కుక్కలో కూడా దాగి ఉండగలదు.

"తెచ్చుకొన్న" అనే పదంలో దాగిన అసలు అర్థం గతం. కొండనడకలో మనిషి పట్టుకునే ఊతకర్ర అతని మోకాళ్ళకు రక్ష. కుక్కకు అది ఒకప్పుడు వీపు మీద పడిన వస్తువు. గోడకు ఆనించిన కర్రను ఎవరైనా చేతిలోకి తీసుకోగానే తోక కాళ్ళ మధ్యకు ముడిచి మంచం కిందికి దూరే కుక్కలున్నాయి. అటువంటి దానికి మొదటి పాఠం కొండ దగ్గర కాదు, నట్టింట్లోనే. కర్రను నేలమీద పడేసి, కాస్త దూరంలో ఉడికిన కోడిమాంసం ముక్కలు పెట్టి, మనిషి పక్కకు తప్పుకోవాలి. తిన్న కొద్దీ ముక్కలను కర్రకు దగ్గరగా జరపాలి. కర్ర పక్కన నిలబడి తినగలిగాక దాన్ని పైకెత్తాలి, ఆ తర్వాతే నేలమీద టకటకలాడించాలి. వారాలు పట్టవచ్చు. కుక్క వెనక్కి జరిగితే మనిషీ ఒక మెట్టు వెనక్కి రావలసిందే. లాక్కొచ్చి చూపిస్తే భయం పోదు, ఆ లాగిన మనిషి మీదకూ పాకుతుంది.

"పగ్గము విడువక": పగ్గాన్ని మెడపట్టీకి కట్టడం సంప్రదాయమే గానీ, లాగినప్పుడల్లా ఒత్తిడి గొంతు మీద పడుతుంది. ఛాతీని చుట్టి వచ్చే హార్నెస్ మేలు. వీపు మీద పిడి ఉంటే రాయి ఎక్కించేటప్పుడు చేయి అందించవచ్చు. కొత్తది తొడిగిన రోజుల్లో చంకల్లో వెంట్రుకలు ఊడుతున్నాయేమో వేలితో తడిమి చూడాలి. వీధిలో పెరిగిన కుక్కకు కోతి, మేకలమంద, చెత్తకుప్ప మూడూ పిలుపులే. "విడువక" అనడం అందుకే.

"మెల్లమెల్లగ": ఇక్కడ ఆమ్రేడితం వ్యర్థం కాదు. మొదటి "మెల్ల" దూరానికి, రెండోది వేగానికి. వారానికి పదోవంతుకు మించి దూరం పెంచకూడదని వాడుక. మధ్యలో విశ్రాంతి రోజులుండాలి. పాదాల కింది చర్మం గరుకు నేలకు గట్టిపడాలన్నా వారాలు కావాలి. ఇంటికి రాగానే వేళ్ళ సందుల్లో పల్లేరుకాయలు వెతకాలి.

ఇట శంక: వీధిలో రోజంతా తిరిగిన కుక్కకు తర్ఫీదెందుకు? సమాధానం: వీధికుక్క రోజులో ఎక్కువ భాగం ఆగి ఉన్న కారు కింద పడుకుంటుంది. నడకా ఆగడమూ దాని ఇష్టం. మనిషి వెంటపడ్డాక ఆ ఇష్టం పోతుంది. తోడు నడుస్తున్నంతసేపూ అలసట దాచుకొని తానూ నడుస్తుంది. మరల శంక: మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కకు తర్ఫీదెవరిచ్చారు? అది ప్రమాణం కాదు. ఆ కుక్క సాక్షాత్తు ధర్మదేవత. ఆ నడకలో మనుషులు ఒక్కొక్కరే ఎలా పడిపోయారో కూడా ఈ శంక తెచ్చేవారు గుర్తుంచుకోవాలి.

"నీరు మోసి": ఎవరు మోయాలి? క్త్వార్థకానికీ ప్రధానక్రియకూ కర్త ఒక్కడే కావాలి గనుక, కొండకు పోవలసిన మనిషే. కుక్క వీపున సంచీ వేయవచ్చుననే వ్యాఖ్యాతలున్నారు. ఎదిగిన, ఆరోగ్యమైన కుక్క అయితే సరే, కానీ మొదట ఖాళీ సంచీ, చివరికి ఒంటి బరువులో పదోవంతు. కదలకుండా ఉన్న కుక్కకే కిలో బరువుకు రోజుకు 50–60 మిల్లీలీటర్లు కావాలి; అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైమాటే, ఎక్కుడులో ఇంకా ఎక్కువ. నీరనేది ఉపలక్షణం, తిండీ గ్రహించాలి. మనిషి జేబులోని ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం కుక్కకు విషం.

"ఎండ ముదరకమున్నె": కుక్కకు చెమట పాదాల్లోనే కాస్త పడుతుంది. ఒంటి వేడి రొప్పుతో పోవాలి. గాలిలో తేమ ఎక్కువైతే అదీ పనిచేయదు. నాలుక కొన వెడల్పై వేలాడడం, వెనకబడడం, ప్రతి నీడ దగ్గరా నిలబడిపోవడం ఆగమనే సంకేతాలు. అరచేతి వెనకభాగం బండమీద అయిదు సెకన్లు ఆనించలేకపోతే ఆ బండ కుక్క పాదానికీ పనికిరాదు.

"కొండకు": ఏ కొండకైనా కాదు. అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవుల్లోకి కుక్కను తీసుకుపోవడం తగదు; కుక్క జబ్బులు అడవి మృగాలకు అంటగలవు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు మూడోవంతు సింహాలను చంపినది కుక్కల డిస్టెంపర్ వైరస్. 2018లో గిర్ సింహాల్లోనూ అదే బయటపడింది. అమెరికాలోని తెలుగువారికి అప్పలాచియన్ ట్రెయిల్ మీద ఆశ ఉండవచ్చు. సుమారు 3,500 కిలోమీటర్ల ఆ దారిలో గ్రేట్ స్మోకీ పర్వతాల భాగంలోకీ, చివరి బాక్స్‌టర్ పార్కులోకీ పెంపుడు కుక్కలను రానివ్వరు. అక్కడ కుక్కను ఎవరి దగ్గర వదలాలో ముందే చూసుకోవాలి.

విశేషం: కొన్ని ప్రతులలో "పోవలెను" బదులు "పోనక్కరలేదు" అని పాఠాంతరం. తొలి పాఠం ఉండగా ఇది అపపాఠమని తోసేయడానికి లేదు. దూరం నడిచిన మరునాడు పగ్గం చప్పుడు విని కూడా తలుపు దగ్గరికి రాని కుక్కల విషయంలో ఇదే గ్రాహ్యం.