ఇన్‌గేటులో దూరి అవుట్‌గేటులో తేలడం ఎలా

తమ్ముడూ, ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు సీటొచ్చిందా? టీకొట్టు దగ్గర నేను తగిలానంటే నీ అదృష్టం. ఆ చదువు నేను రెండేళ్లు చదివాను. దాని గురించి సలహాలివ్వడం మాత్రం పదహారేళ్లుగా చేస్తున్నాను. ఏది ఎక్కువో నువ్వే చూసుకో.

అన్నిటికంటే ముందు, పుస్తకం జోలికి పోకు. చాసర్‌తో మొదలెట్టి ఆర్.కె. నారాయణ్ దాకా వచ్చేసరికి నాలుగు సెమిస్టర్లూ హరీమంటాయి. గైడు కొనుక్కో. హామ్లెట్ ఎందుకు తాత్సారం చేశాడో అందులో అయిదు పాయింట్లలో ఉంటుంది. అసలు నాటకం చదివావనుకో, ఆ అయిదూ తప్పేమోనని అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టినవాడు అడిషనల్ షీట్లు అడగలేడు.

చదివితే ఏమవుతుందో ఈ డిపార్ట్‌మెంటు చరిత్రే చెబుతుంది. 1947లో ఇక్కడికి ప్రొఫెసరుగా వచ్చిన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ గారు, మనవాళ్లు ఇంగ్లీషులో రాసిందీ సాహిత్యమేనని పట్టుబట్టి అదంతా చదివారు. 1959లో లీడ్స్ వెళ్లి ఇంగ్లీషువాళ్లకే దాని మీద ఉపన్యాసాలిచ్చారు. 1962లో లావుపాటి పుస్తకం వేశారు. చివరికేమైంది? వైస్‌ఛాన్సలర్‌ని చేసి ఫైళ్ల ముందు కూర్చోబెట్టారు.

ఇక రావిశాస్త్రి గారు. ఈ ఊరి ప్లీడరు. చదివింది ఫిలాసఫీ, ఆపైన లా. అయినా జేమ్స్ జాయిస్‌ని పట్టుకుని, 'అల్పజీవి'లో సుబ్బయ్య బుర్రలో నడిచే గొణుగుడంతా మనకి తెలుగులో వినిపించారు. అంటే ఇంగ్లీషు సాహిత్యానికి ఇంగ్లీషు ఎం.ఏ. అక్కర్లేదని రుజువైపోయింది కదా! పరీక్ష లేకుండా ఎవరైనా జాయిస్‌ని ఎందుకు చదువుతారన్నది మాత్రం నాకిప్పటికీ అంతుబట్టలేదు.

మనకి ఆదర్శం గిరీశం. గురజాడ వారు ఆయన్ని ఎగతాళికే పుట్టించారంటారు, నేనొప్పుకోను. తెలుగు నేల మీద తొలి స్పోకెన్ ఇంగ్లీషు మాస్టారాయన. వెంకటేశానికి ఏం చదువొచ్చిందని కాదు, గురువుగారికి నోరెంత ఆడిందనేదే లెక్క. 'కన్యాశుల్కం' ఏడంకాల నాటకం. నేను మూడో అంకం దాకా చదివాను. తర్వాత ఆయన బాగా స్థిరపడే ఉంటాడు.

మీ నాన్న గాజువాకలో అడుగుతున్నాడంటావు: "ఇంగిలీసు సదివి ఏటి సేత్తావురా, పేంటులో ఉజ్జోగమొస్తాదేటి?" రాదని చెప్పెయ్. నిజానికి పోర్టయినా స్టీల్‌ప్లాంటయినా, కేంద్రం కింద పనిచేసే ఆఫీసుల్లో రాజభాషా విభాగమని ఒకటుంటుంది. ఢిల్లీవాళ్లు పెట్టే హిందీ అనువాదకుల పరీక్షకి ఎం.ఏ. ఇంగ్లీషువాళ్లు కూడా అర్హులే, డిగ్రీలో హిందీ ఒక సబ్జెక్టుగా చదివుంటే. నువ్వు మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నావు కదా? శభాష్. నేనూ అంతే. ఆ గొడవ మనకి లేదు.

నెట్ పరీక్ష రాయి. రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకి కోతల్లేవు. ఏ నవల ముందు, ఏది వెనక అని వరస అడుగుతారు, కాబట్టి సంవత్సరాలు బట్టీపట్టు. పద్యమో పేరానో ఇచ్చి అర్థమడిగినచోట బట్టీ పనిచెయ్యదు. అక్కడ కళ్లు మూసుకుని 'సి' పెట్టెయ్. నేను ఏడుసార్లు పెట్టాను.

నా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. ఎలా ఉండకూడదో తెలియడానికి చెబుతున్నాను. కాన్రాడ్ నవల పట్టుకుని బస్సెక్కితే, దిగాల్సిన స్టాపు దాటి కూర్మన్నపాలెంలో తేలేది. అర్థం కాని వాక్యాన్ని పెన్సిలుతో ముక్కలు చేసి, కర్త ఇదీ క్రియ ఇదీ అని గీతలు గీసేది. ఇప్పుడు ఓ షిప్పింగ్ ఏజెన్సీలో కూర్చుని ఓడల ఒప్పందాలు చదువుతోంది. బొగ్గు ఓడ వస్తుందనుకో, సరుకు దించడానికి ఇన్ని రోజులని గడువుంటుంది. 'వెదర్ వర్కింగ్ డే' అన్న మాటుంటే, వానకి పని ఆగిన గంటలు ఆ గడువులో లెక్కించరు. గడువు దాటి డెమరేజ్ మొదలైందా, ఇక వానొచ్చినా వరదొచ్చినా మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. బెర్తు ఖాళీ లేక ఓడ బయట లంగరేసుకుని ఉందనుకో, ఆ గంటలు ఎవరి నెత్తిన పడతాయన్నదీ ఒక చిన్న మాట మీదే తేలుతుంది. ఆ మాట ఎక్కడుందో, ఏ కామాకి అటుందో ఇటుందో చూడడం ఆవిడ పని. లక్షల వ్యవహారం. "మిల్టన్ కంటే ఇదే నయం, క్రియ తొందరగా దొరుకుతుంది" అంటుంది. జాలేసింది నాకు. ఎం.ఏ. చదివి కామాలేరుకోవడమేమిటి!

నా సంగతంటావా? రెండేళ్లు ఓ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పిల్లల చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాను. ఇప్పుడు ఓ కోచింగ్ సెంటర్లో నలభై అయిదు రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తాను. బీచిలో కూర్చుంటే రాత్రిపూట దూరంగా ఓడల దీపాలు కనిపిస్తాయి. నాకవి కవిత్వంలా ఉంటాయి. ఆవిడైతే ఏ దీపం ఎన్ని రోజులుగా వెలుగుతోందో చెబుతుంది.

మొన్న వానలకి మూడు రోజులు క్లాసుల్లేవు. జీతంలో మూడు రోజులు కోశారు. ఇదేమిటండీ అంటే, చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఉందన్నారు. ఆరు పేజీల ఇంగ్లీషు, ఎవడు చదువుతాడు? ఆవిడకి ఫోన్ చేస్తే ఫొటో తీసి పంపమంది. పంపాను. నాలుగో పేజీలో ఏదో మాటుందట, వాన గంటలు నా నెత్తిన పడవట, సాయంత్రం చెబుతానంది.

ఈలోగా టీ డబ్బులు నువ్విచ్చెయ్, తమ్ముడూ.