‘కారు మెరయు’ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
గీకు గీకు మరల గీకుము నీళ్లతో
పుట్టి పూసి యార్చి పొడుము దుడిచి
పలుచ పలుచ పొరలు పంపుతో గొట్టరా
కారు మెరయు జేబు కరువులోన

అవతారిక: తాండూరులో ఒక శిష్యుడు పాత మారుతి 800 కొన్నాడు. రంగుకు షెడ్డులో చెప్పిన లెక్క బండి ధరనే మించేలా ఉంది. దిగులుపడ్డ శిష్యుడికి గురువు చేసిన ఉపదేశం ఇది. ఆ కారు తయారీ 1983లో మొదలై 2014లో ఆగిపోయింది గనుక, ఎంత కొత్తది దొరికినా తుప్పు పట్టే వయసుదే.

ప్రతిపదార్థం: గీకు = పెచ్చులు లేచిన రంగును, దాని కింది తుప్పును రేకు కనబడేదాకా గీకు; గీకు = పుట్టీ గట్టిపడ్డాక మిట్టపల్లాలు పోయేలా గీకు; మరల గీకుము నీళ్లతో = ప్రైమరు ఆరాక వాటర్ పేపరు తడిపి గీకు; పొడుము = ఇంతసేపూ గీకగా లేచిన దుమ్ము; పంపు = స్ప్రే గన్ను, కంది చేనుకు మందు కొట్టేది కాదు; జేబు కరువు = అనుభవైకవేద్యం.

తాత్పర్యం: రంగు వేయడమంటే ముప్పాతిక వంతు గీకడమే.

విశేషాలు: పుట్టీ రెండో పాదంలో ఉండగా దాని మీద గీకుడు మొదటి పాదంలోనే వచ్చింది, క్రమభంగం కదా అని ఆక్షేపణ. కవి కష్టాన్ని బట్టి వరస పెట్టాడని సమాధానం. నాపరాళ్ల పాలిషింగు మిషన్లు తిరిగే ఊళ్లో, రాపిడి లేనిదే నునుపు రాదని వేరే చెప్పాలా? పేపరు 120తో మొదలై 400, 800 మీదుగా పోవాలి. ‘నీళ్లతో’ అన్నది మూడో గీకుడుకే అన్వయం. వట్టి పుట్టీ నీరు పీలుస్తుంది. ఆ తడి లోపల చిక్కితే రంగు బుడగలెత్తుతుంది. నునుపు తేలిందో లేదో కంటికి తెలియదు. కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరితే డోరు మీది సొట్ట అంచు ఇట్టే తగులుతుంది.

మరి ప్రైమరేదీ? అధ్యాహారం. ఛందస్సు కోసం ప్రైమరు వదిలిన కవి క్షమార్హుడు. డబ్బు కోసం వదిలినవాణ్ణి తుప్పు క్షమించదు.

‘బ్రష్షుతో బూయరా’ అని వికారాబాదు పాఠం. యతి చెడలేదు, కారు చెడుతుంది. అద్దెకైనా కంప్రెసరు తెచ్చి, జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా కొట్టాలి. ఆపిన చోట రంగు జారుతుంది.

చవకలో దొరికేది ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు. 1920లలో అమెరికాలో డ్యూకో పేరుతో వచ్చి, వారాలు పట్టే ఆరుదలను గంటలకు దింపింది ఈ జాతి రంగే. అనంతగిరి మీద మబ్బు దిగే రోజుల్లో మాత్రం ముట్టరాదు. థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని చెమ్మ దాని మీద దిగుతుంది, రంగు తెల్లబారుతుంది. ఇది తనంతట మెరవదు కూడా, కాంపౌండుతో రుద్దాలి. అంటే నాలుగో గీకుడు. శిష్యుడు పారిపోతాడని గురువు దాచాడు.

తెల్ల కారును ఎర్రగా మార్చవచ్చునా? పద్యంలో లేదు గానీ ఆర్సీలో రంగు రాసి ఉంటుంది. మారిస్తే రవాణా శాఖకు చెప్పి అందులో ఎక్కించాలి. పాత రంగే ఉత్తమ పక్షం. డోరు లోపలి అంచులు, బానెట్టు కింది భాగం ముట్టుకోకుండా సరిపోతుంది.