పక్కింటి పంచాంగం

వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో మా పిల్లలకు దసరా సెలవు ఇప్పించింది దుర్గమ్మ కాదు, మోషే. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడుల 2022-23 క్యాలెండర్‌లో దీపావళికీ, రంజాన్‌కీ, యూదుల రోష్ హషానా, యోం కిప్పూర్‌లకీ సెలవులున్నాయి. దసరా ఊసే లేదు. అయినా సెప్టెంబరు 26న, నవరాత్రుల తొలిరోజున బడి లేదు. అక్టోబరు 5న, విజయదశమినాడూ లేదు. యూదుల తిష్రీ నెల పాడ్యమి వాళ్ళ సంవత్సరాది, రోష్ హషానా. దశమి యోం కిప్పూర్. ఆ తిష్రీ మన ఆశ్వయుజంతో కలిసి నడుస్తుంది. చంద్రుడొక్కడే కదా, ఇద్దరికీ తిథులు వాడే పంచాలి.

అధిక మాసాల దగ్గరే పేచీ వస్తుంది. సుమారు 19 ఏళ్ళకు ఏడు అధిక మాసాలన్న లెక్క ఇద్దరిదీ ఒకటే. మనకి అధికమయ్యే నెల మారుతూ ఉంటుంది, వాళ్ళు మాత్రం ఎప్పుడూ అదార్ నెలనే రెండుసార్లు జరుపుతారు. 2023లో మనకి అధిక శ్రావణం వచ్చి దసరా అక్టోబరు నాలుగో వారానికి జారింది. వాళ్ళ యోం కిప్పూర్ సెప్టెంబరు 25నే అయిపోయింది. మా పిల్లలు పండగపూట బ్యాగులు తగిలించుకుని బస్సెక్కారు. 2024 వసంతంలో వాళ్ళు రెండో అదార్ పెట్టుకుని మనల్ని కలుపుకున్నారు, కానీ ఏం లాభం? అక్టోబరు 12న రెండు పండగలూ కలిసి శనివారం మీద పడ్డాయి. మా ఇంట్లో పిల్లలు ఇద్దరు దేవుళ్ళ మీదా ఒకేసారి అలిగారు.

ఈ జ్ఞానమంతా నాకు గోడవతలి నుంచి వచ్చింది. మా టౌన్‌హౌస్ గోడకి ఆనుకుని ఒక యూదు జంట, ఇద్దరు చిన్నపిల్లలు ఉంటారు. విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మ వారంలోపే వాళ్ళ మీద విచారణ పూర్తిచేసింది. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. రెండూ ఒకే సింకులో పడకూడదు. శుక్రవారం పొద్దుగూకితే పొయ్యి వెలిగించరు. బయట తింటే శాకాహారమే. "మనవాళ్ళేరా, గోత్రమొక్కటే తెలియాలి" అని తేల్చేసింది.

2025లో దసరా, యోం కిప్పూర్ మళ్ళీ అక్టోబరు 2నే పడ్డాయి. పొద్దున్న పక్కింటాయన సూటు వేసుకుని, కింద గుడ్డబూట్లతో బయల్దేరాడు.

"పాపం, బూట్లు కొనుక్కోలేదా అబ్బాయి?"

"ఇవాళ తోలు వేసుకోకూడదమ్మా. పైగా ఉపవాసం."

"ఫలహారం ఏం చేస్తారో?"

"ఏమీ ఉండదు. మంచినీళ్ళు కూడా తాగరు. నిన్న సాయంత్రం నుంచి ఇవాళ చుక్కలు పొడిచేదాకా, 25 గంటలు."

మా అమ్మ ఏకాదశి ఉపవాసంలో ఉప్మా, అరటిపళ్ళు, మజ్జిగ ఉంటాయి. కాఫీ అసలు లెక్కలోకే రాదు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. అప్పటికే గారెల పిండి రుబ్బి ఉంది. మా వంటింటి ఫ్యాను తిన్నగా వాళ్ళ డెక్ మీదికే ఊదుతుంది. "ఉపవాసమున్నవాళ్ళ ముక్కు దగ్గర గారెలు వేస్తే ఆ పాపం ఏ జన్మకి పోతుందిరా" అని పిండి ఫ్రిజ్‌లో పెట్టేసింది. అమ్మవారికి పరమాన్నంతో సరిపెట్టాం. చుక్కలు పొడిచాక మూకుడు పొయ్యెక్కింది. ఆ మూకుడు వాళ్ళ నియమాలకు ఆగుతుందా లేదా అన్నది రబ్బీలు తేల్చాల్సిన ప్రశ్న. ఆ రాత్రి ఆకలే తేల్చేసింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి వాళ్ళ డెక్ మీద పందిరి లేచింది. సుక్కోత్ పండగకి వారం రోజులు అందులోనే భోజనం. పైకప్పు కొమ్మలూ ఆకులతోనే వెయ్యాలి, అదీ సందుల్లోంచి చుక్కలు కనిపించేంత పలచగా. మా కాలనీ సంఘం హెచ్‌ఓఏ వాళ్ళకి చుక్కలు కనిపించలేదు కానీ పందిరి కనిపించింది. అనుమతి లేని కట్టడమంటూ ఉత్తరం వచ్చేసరికి పండగ అయిపోయింది, పందిరీ విప్పేశారు. పందిరి ఉండగానే అమ్మ ఇండియన్ స్టోర్లో కొన్న ప్లాస్టిక్ మామిడాకుల తోరణం పట్టుకెళ్ళింది. కప్పు మీద ప్లాస్టిక్ పనికిరాదన్నారు, గుమ్మానికి కట్టింది.

ఆ పండగకి ఎత్రోగ్ అని ఒక కాయ కావాలి. మన మాదీఫలమే. యాభై డాలర్లట. మచ్చ ఉండకూడదు, ముచ్చిక చెదరకూడదు. నగలపెట్టె లాంటి దాంట్లో జనపనారలో పడుకోబెట్టి తెచ్చారు. వారం పాటు చేత్తో పట్టుకుని ప్రార్థన చేశారే తప్ప ఎవరూ కొరకలేదు. అమ్మకి మనసొప్పలేదు. పండగ వెళ్ళిన మర్నాడే అడిగి తెచ్చి, ముక్కలు తరిగి, ఉప్పూ కారం పట్టించి, మెంతిపొడి వేసి ఊరగాయ పెట్టింది. మా ఇంట్లో ఇంత ఖరీదైన ఊరగాయ ఇంకోటి లేదు.

వాళ్ళ చిన్నాడికి మూడేళ్ళు నిండాక తొలిసారి జుట్టు తీయించారు. పుట్టువెంట్రుకలన్నమాట. కొందరు ఇందుకోసం ఇజ్రాయెల్‌లోని మెరోన్ కొండకే వెళ్తారట. మనకి తిరుమల ఎలాగో వాళ్ళకి అది అలాగ అని అమ్మ సంబరపడింది. అప్పుడు పక్కింటావిడ నవ్వు ఆపుకుంటూ ఇంకో సంగతి చెప్పింది. నిష్ఠగల యూదు ఇల్లాళ్ళు పెళ్ళయ్యాక జుట్టు కనపడనివ్వరు, విగ్గు పెట్టుకునేవాళ్ళు చాలామంది. 2004లో జెరూసలేం రబ్బీ ఎల్యాషివ్, భారతదేశపు గుళ్ళలో మొక్కుగా ఇచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు పనికిరావని తీర్పిచ్చారు. బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. వాళ్ళ పిన్ని విగ్గూ అందులోనే పోయిందట.

అమ్మ లెక్కల్లో పడింది. ఆ ముందటేడే ఆవిడ కొండ మీద తలనీలాలు ఇచ్చింది.

"మీ పిన్ని విగ్గు ఏ రంగమ్మా?"

"గోధుమ రంగు."

"రంగు వేసి ఉంటారు" అంది అమ్మ, అనుమానం తీరకుండానే.

పుణ్యక్షేత్రాల ఇచ్చిపుచ్చుకోలు కూడా జరిగింది. మేం వాళ్ళని మేరీలాండ్‌లోని లాన్హమ్ శివవిష్ణు ఆలయానికి తీసుకెళ్ళాం. పులిహోర క్యూలో వాళ్ళ పిల్లలు మా పిల్లల కంటే ఓపిగ్గా నిలబడ్డారు. వాళ్ళు మమ్మల్ని వాషింగ్టన్‌లో 1876లో కట్టిన సినగాగ్‌కి తీసుకెళ్ళారు. ప్రారంభోత్సవానికి ప్రెసిడెంట్ గ్రాంట్ వచ్చిన భవనం. కూల్చెయ్యకుండా 1969లో ఒకసారి, ఈమధ్య మరో రెండుసార్లు భవనాన్ని లేపి వేరేచోటికి జరిపారు. అద్దె ఇళ్ళు మారి అలసిపోయిన మా అమ్మకి ఆ దేవుడి మీద జాలేసింది.

అసలు బాంబు అమ్మ దగ్గరే ఉంది. "మీ గుడి మా ఊరి పక్కన కూడా ఉంది కదమ్మా" అంది ఒకరోజు తాపీగా. నేను అనువదించడానికే తటపటాయించాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. మాది ఎఫ్రాయిము గోత్రం అని చెప్పుకునే తెలుగు యూదులు అక్కడ కొన్ని కుటుంబాలు ఉన్నాయి. బెనె ఎఫ్రాయిం అంటారు. 1990లలో సినగాగ్ పెట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకున్నారు, శనివారం విశ్రాంతి పాటిస్తారు. గుంటూరు తెలుగులో పోట్లాడుకుంటారు కూడా. పక్కింటాయన ఫోన్‌లో వెతికి, తెరనీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు.

ఇప్పుడు వాళ్ళు శీతాకాలంలో ఇండియా వెళ్తున్నారు. ముందు కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్, తర్వాత కొత్తరెడ్డిపాలెం. ప్రయాణం ఖాయమని తెలియగానే అమ్మ దాన్ని స్వాధీనం చేసుకుంది. చేబ్రోలు దాకా వెళ్ళి చతుర్ముఖ బ్రహ్మని చూడకుండా వస్తారా? మంగళగిరి పానకాల స్వామి దారిలోనే. బెజవాడ కనకదుర్గమ్మ ఇంకెంత దూరం? పక్కింటాయన అన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. కాగితం చివర్న మా పిన్ని వాళ్ళ ఫోన్ నంబరు, దాని కింద రెండు కేజీల గుంటూరు మిరపకాయలు, ఒక కుక్కర్ గ్యాస్కెట్, అయిదు లీటర్ల సైజుది.