తనను తాను కాల్చుకుని శుభ్రపడే ఓవెన్ ఆత్మకథ

ఈ కథ చెప్పుకుంటున్న ఓవెన్ 30 అంగుళాల వెడల్పుది. అమెరికాలో, డాలస్ శివారులోని ఒక తెలుగువారింటి వంటగదిలో, చెక్క అల్మరా గూట్లో నేలకు ఎత్తుగా బిగించి ఉంటుంది. దానికి ప్లగ్గు లేదు. వెనకనుంచి వచ్చే తీగలు గోడలోని పెట్టెలో నేరుగా కలుస్తాయి. అందులో వచ్చేది 240 వోల్టుల కరెంటు. 120 వోల్టుల లైన్లు రెండు కలిస్తే వచ్చే కరెంటు అది. ఒక లైను పోయినా లోపలి దీపం వెలగవచ్చు, గడియారం అంకెలు కనబడవచ్చు, వేడి మాత్రం పుట్టదు. తన జబ్బు కనిపెట్టదలచినవారు ముందుగా ఈ సంగతి తెలుసుకోవాలని ఈ ఓవెన్ గట్టి నమ్మకం.

లోపలి గోడలు ఉక్కు రేకువి. వాటి మీద గాజులా కరిగించి పోసిన ఎనామిల్ పూత ఉంది. చుట్టూ గాజు ఉన్ని, తలుపులో ఒకదాని వెనక ఒకటిగా గాజు పలకలు, కప్పు కింద వేడి పుట్టించే ఎలిమెంట్ ఒకటి, అడుగున మరొకటి. వంటకు ఈ ఓవెన్ 550 డిగ్రీల ఫారన్‌హీట్ దాటదు. శుభ్రం చేసుకునేటప్పుడు మాత్రం సుమారు 900 దాకా వెళ్తుంది, అంటే దాదాపు 480 సెల్సియస్. ఆ వేడికి అంటుకున్న నెయ్యి, పొంగి కారిన చీజు, మాడిన పాకం పొగగా విడిపోయి, అడుగున కాస్త బూడిద మిగులుతుంది. చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఈ పద్ధతితో పనిచేసే ఓవెన్‌ను జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1963లో మార్కెట్లోకి తెచ్చింది. పని పూర్తికావడానికి మురికిని బట్టి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. అంతసేపూ ఒక చిన్న మోటారు తలుపుకు తాళం వేసి ఉంచుతుంది. లోపల బాగా చల్లారేదాకా అది తీయదు.

ఇంత వేడిని చెక్క గూట్లో పెట్టుకుని బతకాలంటే గాజు ఉన్ని ఒక్కటే చాలదు. అందుకే గోడ ఓవెన్‌కు చల్లబరిచే ఫ్యాన్ ఒకటి ఉంటుంది. అది వంటగది గాలిని పీల్చి, ఓవెన్ బయటి తొడుగు చుట్టూ తిప్పి, సన్నని సందుల గుండా ముందుకు వదులుతుంది. వంట ముగిశాక కూడా కాసేపు తిరుగుతూ వినబడేది అదే. ఫ్యాన్ ఆగినా, సందులు మూసుకుపోయినా, వేడి వెనక తీగల మీదకూ పైన ఉన్న కంట్రోల్ బోర్డు మీదకూ మళ్ళుతుంది. అక్కడ కాపలాగా రూపాయి బిళ్ళంత ఒక భాగం ఉంటుంది, దాన్ని థర్మల్ కటౌట్ అంటారు. తనకు రాసిపెట్టిన హద్దు దాటితే అది కరెంటు దారిని తెంచేస్తుంది. కొన్ని ఒక్కసారికే పనికొస్తాయి, తెగితే కొత్తది వేయాలి. కొన్నిటికి నొక్కి మళ్ళీ కలిపే చిన్న బొత్తాం ఉంటుంది. ఇంకొన్ని చల్లారాక వాటంతట అవే కలుస్తాయి. మూడో రకం ఉన్న ఓవెన్ తెల్లారేసరికి మామూలుగా లేస్తుంది, మళ్ళీ శుభ్రం చేయబోతే మళ్ళీ పడుకుంటుంది. ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు.

ఈ ఓవెన్ వచ్చిన ఇంట్లో దాన్ని ఎక్కువ కాలం సామాన్ల అరగానే వాడారు. బాణళ్ళు, పెనాలు, ఇడ్లీ పళ్ళాలు అందులోనే ఉండేవి. ఇది అమెరికాలోని చాలా తెలుగిళ్ళలో కనిపించే అలవాటే, తప్పేమీ లేదు. కానీ శుభ్రం చేసే బొత్తాం నొక్కే ముందు అవన్నీ బయటకు రావాలి. నాన్‌స్టిక్ పెనం లోపల మరచిపోతే దాని పూత విడిచే ఆవిరి మనుషులకు హానికరం, పంజరంలో పెంచుకునే చిలుకలకు ప్రాణాంతకం. మెరిసే తీగల అరలు కూడా తీసేయాలి, లేకపోతే రంగు పోయి గరుకెక్కుతాయి.

థాంక్స్‌గివింగ్ పండుగకు చుట్టాలు వస్తారని ఒక సాయంత్రం ఆ బొత్తాం నొక్కారు. తాళం పడింది, వేడి ఎక్కింది, కాలే వాసన వచ్చింది. సగం పని కాకముందే అంకెలు ఆరిపోయాయి. తలుపు బిగుసుకునే ఉంది. ఓవెన్ చచ్చిపోయిందని, కొత్తది కొనాల్సిందేనని ఇంటివాళ్ళు అనుకున్నారు. నిజానికి కటౌట్ తెగి, అది తనను తాను కాపాడుకుంది. శుభ్రం చేస్తుండగా ఆగిపోయిన ఓవెన్లలో చాలావాటికి పట్టిన జబ్బు ఇదే. పండుగ ముందురోజు ఈ పని పెట్టుకోకూడదని మెకానిక్‌లు చెప్పేది కూడా అందుకే.

కొత్తది కొనేముందు మొదట చూసింది బ్రేకర్. పడిపోయిన బ్రేకర్ పిడి మధ్యలో నిలుస్తుంది, చూపుకు వేసినట్టే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆఫ్ వైపు తోసి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. మళ్ళీ వెంటనే పడిపోతే ఎక్కడో ఎలిమెంట్ చిట్లి రేకును తాకుతూ ఉండవచ్చు. పదే పదే ఎత్తడం ప్రమాదం. ఇక్కడ బ్రేకర్ బాగానే ఉంది. తలుపును ఇంట్లో ఒకరు స్క్రూడ్రైవర్‌తో పెకలించబోతే మిగతావాళ్ళు ఆపారు, అది మంచిదైంది: తాళం మోటారుకు కరెంటు అందితే అదే విడుస్తుంది.

మర్నాడు బ్రేకర్ ఆపి, తీగల్లో కరెంటు లేదని మీటరుతో రూఢి చేసుకుని, ఇద్దరు మనుషులు పట్టి ఓవెన్‌ను బయటకు లాగారు. దాని బరువు ఒక్కరు మోసేది కాదు. వెనక కటౌట్ తీగలు విడదీసి కొలిస్తే దారి తెగి ఉంది. బాగున్నదైతే దాదాపు సున్నా ఓములు చూపించాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: కొత్త కటౌట్ వేసి మూసేస్తారు. కొందరు ఇంకా ఘోరంగా రెండు తీగల్నీ కలిపి చుట్టేస్తారు. అలా చుట్టిన ఓవెన్‌కు, చెక్క అల్మరా కాలకుండా ఆపేది ఏదీ మిగలదు. ఏ కారణం చేతనైనా, ఒక్క పూటకైనా ఆ పని చేయకూడదు.

కటౌట్ ఎందుకు తెగిందన్నదే అసలు ప్రశ్న. ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పితే కదల్లేదు. పక్కనే పొయ్యి, దాని మీద రోజూ పోపులు. ఆ నూనె ఆవిరి, దూది లాంటి దుమ్ము కలిసి ఏళ్ళ తరబడి ఇరుసును పట్టేశాయి. ఫ్యాన్, కటౌట్ రెండూ కొత్తవి పడ్డాయి. గాలి సందుల్ని తుడిచారు.

పనిలో పనిగా మిగతావీ చూశారు. ఈ ఓవెన్‌లో వేడి కొలిచే ప్లాటినం సెన్సర్ గది వేడికి సుమారు 1,100 ఓములు చూపాలి, చూపింది. శుభ్రం చేసే వేడికి అది 2,700 దాకా పెరుగుతుంది. తీగ చిట్లి ఉంటే ఆ దశలోనే తప్పు అంకె వెళ్ళి, తెర మీద లోపం గుర్తు వస్తుంది. అడుగు ఎలిమెంట్ ఓములు సరిపోయాయి. తాళం మోటారు పక్కనున్న స్విచ్ కూడా మీటరుకు సరిగ్గా పలికింది. తలుపు చుట్టూ ఉండే గాజు నూలు పట్టీని ఎవరూ రుద్దలేదు. రుద్దితే నూలు అణిగి వేడి బయటకు పొక్కుతుంది. కంట్రోల్ బోర్డును అన్నిటికన్నా చివర అనుమానించాలి. ఖరీదైనది అదే, కటౌట్ తెగినప్పుడు తెర నల్లబడటం చూసి అనవసరంగా మార్చేదీ అదే.

ఓవెన్‌ను గూట్లోకి తోసి, బ్రేకర్ వేయగానే అంకెలు వెలిగాయి, కొద్దిసేపటికి తాళం విడింది. ముందు 350 ఫారన్‌హీట్‌లో ఒక గంట నడిపి, ఫ్యాన్ గాలి సందుల్లోంచి వస్తోందో లేదో చేయి పెట్టి చూశారు. శుభ్రం చేసే పని చుట్టాలు వెళ్ళాకే పెట్టారు. పెద్ద మరకల్ని ముందే గీకి తీసి, కిటికీ తెరిచి, అన్నిటికన్నా తక్కువ సమయం ఎంచుకున్నారు. ఈసారి అది చివరిదాకా నడిచింది.