సిబిల్‌రావు గారి గృహరుణం

ప్రతి అపార్టుమెంటులోనూ ఒక సిబిల్‌రావు ఉంటాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంటుంది, అది ఆధార్ కార్డులో భద్రంగానే ఉంటుంది. వయసు నలభైకి అటూ ఇటూ. చంకలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో ఆరు నెలల పే స్లిప్పులు, రెండేళ్ల ఫారం 16, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు. పాలప్యాకెట్టు కోసం కిందికి దిగినా ఫోల్డరు వెంట ఉండాల్సిందే. లిఫ్టులో ఎవరైనా ఎదురైతే "బాగున్నారా" అనడు, "మీదెంత?" అంటాడు. కొత్తవాళ్లు జీతం అడుగుతున్నాడేమో అనుకుని ముడుచుకుపోతారు. కాస్త వయసు మళ్లినవాళ్లు షుగరు సంగతి చెప్తారు. ఆయన అడిగేది 300 నుంచి 900 దాకా ఉండే అంకె.

నిజాంపేటలో అద్దెకుండే సిబిల్‌రావునే తీసుకుందాం. ఈయన పుట్టుకతో ఇలాంటి మనిషి కాదు. పెళ్లికాని రోజుల్లో ఓ మాల్‌లో, ఎస్కలేటరు పక్కన టేబులు వేసుకున్న కుర్రాడు "సర్, లైఫ్‌టైమ్ ఫ్రీ" అని పిలిచి క్రెడిట్ కార్డు అంటగట్టాడు. కానుకగా ట్రావెల్ బ్యాగు కూడా ఇచ్చాడు. బ్యాగు జిప్పు ఆర్నెల్లకే ఊడింది. కార్డు మాత్రం గట్టిది, ఏళ్ల తరబడి వదల్లేదు.

ఊళ్లో వాళ్ల నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాస్తే "ఇది రక్తం తాగడం కాదా" అని కాలేజీ రోజుల్లో ఉపన్యాసం ఇచ్చినవాడే ఈయన. కార్డు మీద పడింది నెలకు మూడున్నర. ఊరి లెక్కలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. పైగా దాని మీద జీఎస్టీ. ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఉచితంగా ఇడ్లీ పెట్టారు కాబట్టి ఆయనకది వడ్డీలా అనిపించలేదు. బిల్లు మీద 'మినిమమ్ డ్యూ' అని చిన్న అంకె వేస్తే అంతే కట్టాలేమో అనుకుని నెలనెలా అదే కట్టాడు. మిగతాది తనంతట తానే పెరిగింది.

తరవాత ఉద్యోగం పోయింది, మూడు నెలలు వాయిదా తప్పింది. 90 రోజులు దాటితే బ్యాంకు పుస్తకాల్లో బాకీ మొండిదవుతుంది, ఫోన్లు మొదలవుతాయి. ఆయన ఆ నంబర్లను 'ఎత్తొద్దు 1', 'ఎత్తొద్దు 2' అని వరసగా సేవ్ చేసుకున్నాడు. 'ఎత్తొద్దు 11' దాకా వెళ్లాడు. బండి పక్కవీధిలో పెట్టేవాడు. కాలింగ్ బెల్ మోగితే టీవీ సౌండు తగ్గించేవాడు. అప్పటికి పెళ్లయింది. భార్య రెండు గాజులు, ఓ గొలుసు తాకట్టు పెట్టి కొంత కట్టించింది. (ఈ గాజులతో మనకు మళ్లీ పనుంది.)

చివరికి 2019లో ఒక తీయని గొంతు ఫోన్ చేసింది. "సర్, మీది లక్షా పదివేలుంది. నలభై ఎనిమిది వేలు కట్టెయ్యండి, క్లోజ్ చేసేస్తాం." అరవై రెండు వేలు మిగిలాయి! వచ్చిన ఉత్తరానికి లామినేషన్ చేయించి పూజగదిలో పెట్టుకున్నాడు. బ్యాంకునే బేరమాడి దించినవాడిగా బంధువుల్లో కొంతకాలం పేరు కూడా వచ్చింది.

అప్పు ఎగ్గొట్టడం మనవాళ్లకు కొత్త విద్యేం కాదు. 1959 నాటి 'అప్పుచేసి పప్పుకూడు' సినిమాలో సీఎస్సార్ వేసిన రావు బహద్దూర్ రామదాసుకు అప్పులవాళ్లను సాగనంపడానికి రేలంగి ఉండేవాడు. ఊళ్లో మరీ మునిగిన వ్యాపారి ఐపీ పెట్టేవాడు. 1920 నాటి దివాలా చట్టం అతనికి నీడ. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి, మూడో ఏడు చివర్లో బాకీదారుకు హఠాత్తుగా తీర్థయాత్రల మీద భక్తి పుట్టేది. ఆ కాలపు కిటుకులేవీ ఇప్పుడు పారవు. రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచాలని నియమం. ఆ వివరాలు రాసుకుని 300 నుంచి 900 దాకా స్కోరు వేసే సిబిల్ సంస్థ 2000లో పుట్టింది. ఇప్పుడు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్‌తో కలిపి ఇలాంటి సంస్థలు నాలుగు. రామదాసుకు ఒక్క ఊరి నోళ్లే అడ్డం, సిబిల్‌రావుకు నాలుగు చిత్రగుప్తుల దఫ్తరాలు.

ఈ సంగతి ఆయనకు 2024లో తెలిసింది. బాచుపల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, అరవై లక్షలు. ఉత్సాహం ఆపుకోలేక రెండు లక్షలు టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశాడు. బ్యాంకుకు వెళితే మేనేజరు కాఫీ తెప్పించాడు, జీతం చూసి నవ్వాడు, కంప్యూటర్లో రిపోర్టు తెరిచాడు. కాఫీ రాకముందే ముఖం మారింది.

"సర్, ఇక్కడ 'సెటిల్డ్' అని ఉంది."

"అవునండీ, మొత్తం సెటిల్ చేసేశాను. ఉత్తరం కూడా ఉంది. చూడండి, లామినేషన్."

"క్లోజ్డ్ అని ఉండాలి సర్. సెటిల్డ్ అంటే పూర్తిగా కట్టలేదని."

స్కోరు 611. ఇంత ఉంటేనే అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా గీత గియ్యలేదు. ఏ బ్యాంకు గీత దానిదే. కాకపోతే 750 దాటినవాడికి కాఫీ పూర్తిగా వస్తుంది.

ఇక్కడ సిబిల్‌రావులందరూ చేసే పని ఒకటుంది, ఈయనా చేశాడు. పౌరుషానికి పోయి నెల తిరిగేలోగా ఇంకో ఐదు చోట్ల దరఖాస్తు పెట్టాడు. అప్పు కోసం బ్యాంకు రిపోర్టు తెరిచిన ప్రతిసారీ అదీ రిపోర్టులో నమోదవుతుంది. వరసగా అన్ని ఎంక్వైరీలు కనిపిస్తే ఈ మనిషి అప్పు కోసం అల్లాడుతున్నాడని అర్థం. 611 కాస్తా 590 అయింది. మన స్కోరు మనం చూసుకుంటే తగ్గదు. ఆ మాట తెలిశాక ఆయన పొద్దున్నే దేవుడి పటం కంటే ముందు దాన్నే చూడసాగాడు.

బావమరిది ఓ సలహా పట్టుకొచ్చాడు. "బావా, యూట్యూబ్‌లో ఒకాయన ఉన్నాడు, పదివేలిస్తే వారంలో 800 చేస్తాడట." సిబిల్‌రావు అప్పటికే కాస్త చదువుకున్నాడు. అప్పిచ్చిన సంస్థ పంపింది పంపినట్టు రాసుకోవడమే ఆ నాలుగు సంస్థల పని. నిజంగా ఉన్న మచ్చను పదివేలు తీసుకున్న యూట్యూబరు చెరపలేడు. అందుకని పదివేలూ బావమరిదికి చేబదులుగా కూడా ఇవ్వలేదు.

రిపోర్టులో తనది కాని మచ్చ కూడా ఒకటి దొరికింది. తన పేరే ఉన్న మరెవరో కొన్న బైకు అప్పు. ఫిర్యాదు చేశాడు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఆ వంద మీద ఆయనకు పెద్ద ఆశ. క్యాలెండరులో టిక్కులు పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదో రోజున సరిచేసేశారు. మచ్చ పోయిందన్న సంతోషం కంటే వంద రాలేదన్న దిగులే ఎక్కువ కనిపించింది.

అసలు మచ్చకు మందు ఒకటే. వదిలించుకున్న ఆ అరవై రెండు వేలూ తిరిగి కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, 'క్లోజ్డ్' అని మార్పించుకోవాలి. కడదామంటే కట్టించుకునేవాడు కావాలి కదా! కార్డిచ్చిన బ్యాంకు, ఆ పద్దును ఎప్పుడో మొండి బాకీలు కొనుక్కునే కంపెనీకి అమ్మేశామంది. ఆ కంపెనీ ఆఫీసు మారింది. ఒకప్పుడు వాళ్లు ఈయన కోసం వీధులు గాలించారు, ఇప్పుడు ఈయన వాళ్ల కోసం గాలించాడు. పాత ఫోను ఛార్జింగు పెట్టి, 'ఎత్తొద్దు 1' నుంచి మొదలుపెట్టి అన్నిటికీ తనే ఫోన్ చేశాడు. "అయ్యా, నేను బాకీ ఉన్నాను, దయచేసి వసూలు చేసుకోండి" అని బతిమాలాడు. సగం నంబర్లు మనుగడలో లేవు. ఒకడు మోసమేమో అనుకుని పెట్టేశాడు.

'ఎత్తొద్దు 7' ఎత్తాడు. "సర్, మీరా! మిమ్మల్నెలా మరిచిపోతాను? మీ బండి కోసం ఎన్ని సాయంత్రాలు నిలబడ్డానో!" ఇద్దరికీ గొంతు కాస్త బరువెక్కింది. వసూళ్ల పని మానేసి అతనిప్పుడు ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో ఇంటి అప్పులు అమ్ముతున్నాడట. పద్దు కొన్న కంపెనీ చిరునామా చెప్పి, "అది క్లోజ్ చేయించుకుని నా దగ్గరికి రండి" అన్నాడు.

ఆ బాకీ కట్టేశాక మొదలైంది దీక్షాకాలం. ఫిక్స్‌డ్ డిపాజిట్ తాకట్టు మీద ఒక కార్డు తీసుకున్నాడు. దాని మీద పెట్రోలు తప్ప ఏదీ కొనడు, పరిమితిలో మూడో వంతు దాటనివ్వడు. 2025 జనవరి నుంచి అప్పుల వివరాలు నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి చేరడం మొదలైంది. అందుకని పదిహేనో తేదీ, నెలాఖరు ఆయనకు ఏకాదశులయ్యాయి. ఆ రెండు రోజులూ ఫోన్‌పే కూడా తెరవడు. "ఏవండీ, ఫ్రిజ్ నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది" అని భార్య అంటే, ఈఎంఐ అన్న మాటకే ఉలిక్కిపడి కిటికీ మూశాడు. బావమరిది హామీ సంతకం అడిగితే మూడు నెలలు మాటలు మానేశాడు. అందులో పిసినారితనం లేదు. హామీ పెట్టిన అప్పు కూడా రిపోర్టుకెక్కుతుంది, అతను ఎగ్గొడితే మచ్చ ఈయనకు.

ఇంటి అప్పుకు మళ్లీ దరఖాస్తు పెట్టినప్పుడు సహదరఖాస్తుదారుగా భార్య పేరు పెట్టారు. ఆమె స్కోరు 782! ఉద్యోగం లేదు, క్రెడిట్ కార్డు లేదు, ఇదెలా? గాజులు. ఆయన కార్డు బాకీ కోసం తాకట్టు పెట్టిన బంగారాన్ని ఆమె ప్రతిసారీ గడువులోపే విడిపించింది. బంగారం అప్పులూ రిపోర్టుకెక్కుతాయి మరి. ఆయన అప్పు తీర్చి ఆమె మార్కులు సంపాదించింది. ఈ విషయం కాలనీలో ఎవరికీ చెప్పొద్దని ఆయన కోరాడు. ఆమె అందరికీ చెప్పింది.

చివరికి 'ఎత్తొద్దు 7' మాట నిలబెట్టుకున్నాడు. అరవై లక్షల ఫ్లాటుకు బ్యాంకులైతే 80 శాతం, అంటే 48 లక్షల దాకా ఇవ్వొచ్చు. ఈయనకు వచ్చింది 40 లక్షలే, పది శాతం వడ్డీకి, ఇరవై ఏళ్లకు. నెలకు 38,601. మచ్చ లేని పొరుగాయనకు అదే అప్పు ఎనిమిది శాతానికి వచ్చింది, ఆయన వాయిదా 33,458. వడ్డీలు ఇలాగే ఉంటే ఇరవై ఏళ్లలో తేడా పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేలు. 2019లో బేరమాడి మిగుల్చుకున్నది అరవై రెండు వేలు, అవీ వెనక్కి కట్టాడు. ఈ లెక్క ఎవరో వాట్సప్ గ్రూపులో పెడితే సిబిల్‌రావు బొటనవేలు గుర్తు పెట్టి గ్రూపు మ్యూట్ చేసుకున్నాడు. అయితే ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును వ్యక్తులు ముందుగా తీర్చినా జరిమానా వెయ్యకూడదు. అందుకని స్కోరు 750 తాకిన రోజే తక్కువ వడ్డీ బ్యాంకుకు మారిపోతానంటున్నాడు. ప్రస్తుతం 738.

వాయిదా ఐదో తేదీన పోతుంది. ఆయన ఒకటో తేదీకే డబ్బు ఖాతాలో పెట్టి, నాలుగో తేదీ రాత్రి లేచి ఉందో లేదో చూసుకుంటాడు. ఇప్పుడు కాలనీలో ఫ్లాటు కొనాలనుకున్న ప్రతివాడూ ముందు ఆయన గుమ్మం తొక్కుతున్నాడు. ఉచితంగానే సలహా ఇస్తాడు: నాలుగు సంస్థల దగ్గరా ఏడాదికి ఒక్కోసారి పూర్తి రిపోర్టు డబ్బులు లేకుండా వస్తుంది, అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే తెప్పించుకోండి అని. మీరూ వెళ్లండి, కాఫీ కూడా ఇస్తారు. చేబదులు మాత్రం అడక్కండి, హామీ సంతకం అసలే అడక్కండి.