రెండో కాగితానికి దండం

డీలరు గారూ,

మా వైపు దేవుణ్ణి నిలదీయడానికి కూడా ఒక మర్యాద ఉంది. కడుపు మండినా పొగుడుతూనే అడుగుతారు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో కొలువున్న ఆంధ్రనాయకుణ్ణి కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం పొడుగునా అలాగే అడిగాడు. నేను కవిని కాను, మీరు దేవుడూ కారు. అయినా డాలస్ శివార్లలో మీ గాజు మేడలోంచి బయటికొచ్చిన రోజు నాకు ఆ దారే తోచింది. ఇక్కడ రాసిన ప్రతి పొగడ్తా నిజం. ఒక్కటి కూడా ఎకసెక్కానికి రాయలేదు.

ముందు మీ ఆదరణ. 2022 మార్చిలో ఒక శనివారం మా తమ్ముడూ నేనూ మీ దగ్గరికి వచ్చాం. వాడు ఇర్వింగ్‌లో క్యాటరింగ్ చేస్తాడు. పెళ్ళిళ్ళకీ, సత్యనారాయణ వ్రతాలకీ పులిహోర గుండిగలు మోసి మోసి వాడి పాత వ్యాను మూలుగుతోంది. వాడు మనసు పడ్డది ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ మీద. చిన్న ట్రక్కు, ఊళ్ళో తిరిగితే గ్యాలనుకు 42 మైళ్ళు, 2021 జూన్‌లో ప్రకటించినప్పుడు మొదలు ధర 19,995 డాలర్లు. ఆ ధరకు జనం ఎంతలా ఎగబడ్డారంటే, 2022 జనవరికల్లా కంపెనీ ఆ ఏటి ఆర్డర్లు తీసుకోవడమే ఆపేసింది. మీ ఆవరణలో ఒక్కటి ఉంది. మీ కుర్రాడు తలుపు తీసి పట్టుకున్నాడు. తమ్ముడి పేరు రెండుసార్లు అడిగి తెలుసుకుని, మూడోసారి తప్పు లేకుండా పలికాడు. పదేళ్ళుగా వాడి పన్నులు చూస్తున్న అకౌంటెంటుకి ఇప్పటికీ అది చేతకాదు. కాఫీ ఇచ్చారు, పాప్‌కార్న్ ఇచ్చారు, నీళ్ళ సీసాలు ఇచ్చారు. నాలుగు గంటలు కూర్చున్నా మీలో ఒక్కరు కూడా విసుక్కోలేదు. పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చినవాడు, సాయంత్రం వంట ఒప్పుకున్నవాడు, నాలుగో గంటకి దేని మీదైనా సంతకం పెడతాడని మీకు తెలుసు. మనిషి అలసట ఏ ఘడియకి పండుతుందో అంత కచ్చితంగా ఎరిగినవాళ్ళను నేను మరెక్కడా చూడలేదు.

ట్రక్కు కిటికీ మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది చట్టం అంటించిన కాగితం. ఓక్లహోమా సెనేటరు మైక్ మన్రోనీ 1958లో పూనుకుని తెచ్చిన చట్టం అది. కంపెనీ సూచించిన ధర, ఒక్కో అదనపు హంగు ధర, రవాణా ఖర్చు, అన్నీ కొనేవాడి కంటికి కనపడేలా అద్దం మీదే ఉండాలన్నాడాయన. అందుకే ఇక్కడ ఆ కాగితాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మీ మేడ నుంచి ఉత్తరంగా పోయి రెడ్ రివర్ దాటితే ఆయన రాష్ట్రమే. ఆ కాగితం మీద 25,860 డాలర్లని ఉంది. దాన్ని మీరు చింపలేదు, చెరపలేదు, కనీసం మూల కూడా మడవలేదు. చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించారు. పాటించి, దాని పక్కనే, అదే వెడల్పున, అదే రకం అక్షరాలతో మీ సొంత కాగితం అంటించారు. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ 7,000. టైర్లలో నైట్రోజన్ 199. అద్దాల మీద నంబరు చెక్కినందుకు 299. రంగు కాపాడే పూతకి 899. అడుగున మొత్తం 34,257. మీరూ నేనూ పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజనే. దానికి ధర కట్టి, ఆ ధరని అచ్చు వేయించి, ఒక వంటవాడి ముందు నిబ్బరంగా నిలబడగలిగారు. ఆ నిబ్బరం నాకు లేదు.

మీ భాషాజ్ఞానానికి మరో దండం. అడ్జస్ట్‌మెంట్ అన్న మాట మా ఇళ్ళల్లోనూ ఉంది. రైల్లో కాస్త జరిగి ముసలమ్మకి చోటివ్వడం, చుట్టాలొస్తే నలుగురూ ఒకే గదిలో పడుకోవడం, ఇదీ మాకు తెలిసిన అడ్జస్ట్‌మెంట్. అందరూ కొంచెం కొంచెం జరుగుతారు. మీ కాగితం మీద జరగాల్సినవాడు ఒక్కడే. అయినా మాట వినడానికి ఎంత మెత్తగా ఉందో! లాభం అని రాసి ఉంటే తమ్ముడు అక్కడే బేరం మొదలుపెట్టేవాడు. అడ్జస్ట్‌మెంట్ అనేసరికి మార్కెట్ అనే పెద్దమనిషి ఎవరో ఎక్కడో కూర్చుని తీర్పు చెప్పినట్టు తలొంచుకున్నాడు.

తర్వాత మీ లెక్క. మీ కుర్రాడు తెల్లకాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు గళ్ళు చేశాడు. పాత వ్యానుకి మీరిచ్చేది ఒక గడిలో, ట్రక్కు ధర ఒక గడిలో, తమ్ముడు చేతి నుంచి కట్టేది ఒక గడిలో, నెలసరి కిస్తీ ఒక గడిలో. మేం ధర గడి మీద వేలు పెడితే వ్యాను గడిలో అంకె పెరిగింది. వ్యాను గడి చూసి సంతోషించేలోపు అప్పు 60 నెలల నుంచి 72 నెలలకి సాగింది. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. నాలుగు గళ్ళలో ఒకదాన్ని పట్టుకుంటే మూడు జారిపోయాయి. ఒక్కొక్క అంకె మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆ కుర్రాడు లేచి, గాజుగదిలోని మేనేజరు దగ్గరికి వెళ్ళి, మా పక్షాన వాదించి వచ్చానన్నట్టు చెమట తుడుచుకుంటూ వచ్చేవాడు. అలా ఐదుసార్లు. వాడి మీద నాకు కోపం లేదు. కమీషను మీద బతికే పిల్లాడు, వాడి ఇంటి అద్దె కూడా ఆ గళ్ళలోనే ఎక్కడో ఉంది.

"నెలకి ఎంతైతే మీకు హాయిగా ఉంటుంది?" అని అడిగాడు. అంత దయగా మా తమ్ముణ్ణి ఈ దేశంలో ఎవరూ అడిగి ఉండరు. వాడు నిజమే చెప్పేశాడు. ఆ ఒక్క జవాబుతో బేరం ముగిసిందని నాకు ఇంటికి వచ్చాక లెక్క వేసుకుంటే గానీ తెలియలేదు. ఆ 7,000కి టెక్సస్‌లో 6.25 శాతం అమ్మకం పన్ను కూడా పడుతుంది, అంటే ఇంకో 437 డాలర్లు. ఆ రెండూ కలిపి ఆరు శాతం వడ్డీకి ఆరేళ్ళ అప్పులో పెడితే నెలకి 123 డాలర్లు, చివరికి 8,900 దగ్గర తేలుతుంది. ఆ ఆరు శాతం కూడా బ్యాంకుది కాదు. అప్పిచ్చేవాళ్ళు మీకు ఒక రేటు చెబితే, దాని మీద మీరు కొంత కలిపి మాకు చెబుతారు. ఆ తేడాలో వాటా మీది. అదే వారం క్రెడిట్ యూనియన్ తమ్ముడికి నాలుగు శాతానికి ఇస్తానంది. 30,000 డాలర్ల మీద 72 నెలలకి ఆ రెండు శాతం తేడా 2,000 డాలర్లు. వాడు పెళ్ళి వంటలో మనిషికి ఒక డాలరు మిగలడం కష్టం. రెండు వేల విస్తళ్ళు, డీలరు గారూ. వేడి నూనె దగ్గర నిలబడి వడ్డించే రెండు వేల విస్తళ్ళు.

సరుకు కొరతగా ఉంటే ధర పెరగడం నేనెరగనిది కాదు. ఆ ఏడాది చిప్పులు దొరక్క, దాదాపు పూర్తయిన ఫోర్డ్ ట్రక్కులు వేల సంఖ్యలో కెంటకీ స్పీడ్‌వే దగ్గర వరుసలు తీరి నిలబడ్డాయి. మీ ఆవరణా ఖాళీగానే ఉంది, మీ ఖర్చులు ఆగలేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ 7,000లో ఒక్క డాలరు కూడా ట్రక్కు తయారు చేసినవాళ్ళకు పోలేదు, చిప్పు చేసినవాళ్ళకూ పోలేదు. ఒక్క ట్రక్కు కూడా దానివల్ల తొందరగా రాలేదు. కంపెనీకే కంటగింపు అయింది. కరెంటుతో నడిచే ఎఫ్-150 లైట్నింగ్‌ని 39,974 డాలర్ల మొదలు ధరతో ప్రకటించి, వంద డాలర్లకు పేర్లు రాసుకుంటే, అలా రాయించుకున్నవాళ్ళను కొందరు డీలర్లు మళ్ళీ డబ్బు అడిగారు. 2022 ఆరంభంలో ఫోర్డ్ డీలర్లకు లేఖ రాసి, ఇలా చేస్తే మీకు పంపే బళ్ళు వేరేవాళ్ళకి మళ్ళిస్తామని హెచ్చరించింది. అంతకుమించి ఏం చేయగలదు? కంపెనీ ధర సూచన మాత్రమే, అమ్మే ధర మీ ఇష్టం. టెక్సస్‌లో తయారీదారు డీలరుగా మారి తన బండి తాను అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆస్టిన్‌లో ఫ్యాక్టరీ పెట్టిన టెస్లాకైనా అదే మాట.

మీ ఐకమత్యం అంత గొప్పది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నియమం తెచ్చింది. ఎవరైనా వచ్చి చెల్లించి బండి తీసుకుపోగల అసలు ధర ముందే చెప్పాలంది. కొనేవాడికి ఉపయోగం లేనివి అంటగట్టకూడదంది. మామూలు గాలిలో ఉన్నదానికంటే ఎక్కువ నైట్రోజన్ లేని టైర్లకు నైట్రోజన్ పేరున డబ్బు తీసుకోవడాన్ని పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ వార్త చదివి తమ్ముడు నాకు అర్ధరాత్రి ఫోన్ చేశాడు, "అన్నయ్యా, మన 199 గురించి రాశారు" అని. మీ జాతీయ సంఘం, మీ టెక్సస్ సంఘం కలిసి కోర్టుకెక్కాయి. 2025 జనవరిలో ఐదో సర్క్యూట్ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. నియమం చెడ్డదని కాదు, దాన్ని తెచ్చిన పద్ధతిలో ఒక మెట్టు దాటేశారని. కొనేవాళ్ళు కోట్లమంది ఉన్నాం, మాకు సంఘం లేదు.

మీ దగ్గర నేర్చుకున్నది మాత్రం వృథా పోలేదు. ఆ శనివారం తమ్ముడు సంతకం పెట్టకుండా లేచాడు. కారణం నేను కాదు, సాయంత్రం వండాల్సిన 80 మంది సాంబారు. మర్నాటి నుంచి వాడు గడప తొక్కకుండా, ఉత్తరాలతో బేరం మొదలుపెట్టాడు. పన్నుతో, ఫీజులతో, బండి బయటికి తెచ్చుకునే మొత్తం ధర ఒక్క అంకెలో రాసి పంపండి, నెలసరి కిస్తీ గురించి మాట్లాడొద్దు, అప్పు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఇదే ఉత్తరం నాలుగు రాష్ట్రాల్లో ముప్పైకి పైగా డీలర్లకి పంపాడు. చాలామంది "ఒకసారి వచ్చి కలవండి" అన్నారు. మీ జాతి ఆదరణ అది. తొమ్మిది మంది అంకె పంపారు. ఓక్లహోమాలో ఒక చిన్న ఊరి డీలరు, పత్తి పొలాల మధ్య, కిటికీ మీద ఒకే కాగితంతో, ఆ కాగితం ధరకే ఇస్తానన్నాడు. రంగు తమ్ముడు అనుకున్నది కాదు. మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. ఆగాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుడి పార్కింగ్‌లో కొబ్బరికాయ కొట్టి, మొదటి ప్రయాణంలోనే గుత్తివంకాయ కూర వేసుకుని ప్లేనోకి వెళ్ళాడు.

స్తోత్రం చదివినవాడు ఒక వరం అడగడం మా ఆచారం. వచ్చే శనివారం మా ఆవిడ పిన్నిగారి అబ్బాయి మీ దగ్గరికి వస్తున్నాడు. గుంటూరు నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఈ దేశంలో అప్పు చరిత్ర లేదు, బేరమాడితే ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడని భయపడే రకం. నా ఫోన్ నంబరు ఇచ్చాను గానీ మీ ముందు తీసి మాట్లాడడానికి మొహమాటపడతాడు. వాడు కుర్చీలో కూర్చోకముందే, కాఫీ ఇవ్వకముందే, మొత్తం ధర ఒక్క అంకెలో రాసి చేతిలో పెట్టండి.